మరల చూడజాలని మహాచిత్రములు

మంచి చలనచిత్రమునకు గుర్తు ఏమని అడిగినచో మనలో పలువురు తడుముకొనక చెప్పు సమాధానము ఒకటి కలదు. ఎన్నిమారులు చూచినను విసుగు పుట్టనిదే మంచి చిత్రమని వారి మతము. ఈ కొలతకు నిలిచిన చిత్రములు మనకు లేకపోలేదు. 1957 నాటి ‘మాయాబజారు’ను తాతలు చూచిరి, తండ్రులు చూచిరి, 2010లో అది రంగులు దిద్దుకొని వచ్చినప్పుడు మనుమలును చూచిరి. ఘటోత్కచుడు విస్తళ్ల ముందు కూర్చుండబోవుచున్నాడనగనే పొయ్యిమీది పాలను మరచి వచ్చి చూచు ఇల్లాండ్రు నేటికిని కలరు. ముందు ఏమి జరుగునో వారికి తెలియును. తెలియుటయే అచ్చటి ఆనందము.

అయితే ఈ కొలతకు లొంగని మహాచిత్రములు వేరే కలవు. వానిని చూచి వచ్చినవానిని “ఎట్లున్నది?” అని అడిగిన, “గొప్పగా నున్నది, మీరు తప్పక చూడవలెను” అనును. “అయినచో రేపు మాతో మరల రమ్ము” అన్న, “నా వలన కాదు” అనును. మా మోర్తాడు ప్రాంతమున బీడీలు చుట్టు స్త్రీలు చాట ఒడిలో పెట్టుకొని, ఆకు మడచుచు, చూచిన సినిమాల కథలు చెప్పుకొనుట కలదు. అట్టి మాటల నడుమ ఈ తీర్పు ఒక్క వాక్యములో వినవచ్చును: “సినిమా మంచిగున్నది గని మల్ల జూడ బుద్ధి గాదు.” మెచ్చుకోలును నిరాకరణమును ఒకే నోట, ఒకే ఊపిరిలో వచ్చుచున్నవి. ఈ రెండును ఒకదానికొకటి విరుద్ధములా? మరల చూడ మనసొప్పని చిత్రమును గొప్పదనుట ఎట్లు చెల్లును? ఈనాడు మనము విచారింపదలచినది ఇదియే.

ముందుగా కొన్నింటిని పక్కకు తీసివేయుదము. హంతకుడెవరో తెలిసిన పిమ్మట ముడి విడిపోయిన అపరాధపరిశోధక చిత్రమును మరల చూడకుండుట సహజము. సాగదీసిన చిత్రమును మరల చూడకుండుట అంతకంటె సహజము. వానిని గూర్చి చర్చ అవసరము లేదు. మన చర్చ, మనసును పిండివేసి, ఆ పిండుటచేతనే మరల దరి చేరనీయని చిత్రములను గూర్చి.

ఈ చిక్కు మన ప్రాచీనాలంకారికులకు తెలియనిది కాదు. శోకము స్థాయిగా గల కరుణమునకు భరతుడు తన ఎనిమిది రసములలో స్థానమిచ్చెను. భవభూతి ఇంకను ముందుకు పోయి, రసమొక్కటే, అది కరుణమే, తక్కినవన్నియు దాని రూపభేదములే అను అర్థము వచ్చునట్లు ఉత్తరరామచరితమున ఒక పాత్రచేత పలికించెను. 14వ శతాబ్దమునకు చెందిన విశ్వనాథుడు సాహిత్యదర్పణమున ఈ ప్రశ్ననే సూటిగా ఎత్తుకొనెను. కరుణము వలన దుఃఖమే కలుగునెడల దాని కొరకు ఎవ్వడును పోడు. రామాయణాదులు కూడ దుఃఖహేతువులే కావలసివచ్చును. అట్లు కాకుండుటకు సహృదయుల అనుభవమే ప్రమాణము అని ఆయన వాదము. గ్రీకు దేశమున అరిస్టాటిల్ కూడ విషాదాంత నాటకము భయమును జాలిని రేపి, వాని ద్వారమున మనసును ప్రక్షాళనము చేయునని చెప్పియున్నాడు. తూర్పును పడమరయు ఇచ్చట ఒక్క మాట మీదనే యున్నవి: రంగస్థలము మీది దుఃఖము మనకు సుఖమే.

ఈ సిద్ధాంతము నిజమగునెడల ఏడిపించిన దానిని చూచుటకు మనము మరల పోవలెను. పోవుచునే యున్నాము కూడ. హరిశ్చంద్ర నాటకమున కాటిసీను కొరకు రాత్రి రెండుజాములు దాటువరకు చాపలమీద కూర్చున్న పల్లెలు తెలుగునాట ఎన్ని లేవు? లోహితాస్యుని శవముతో చంద్రమతి వచ్చునని తెలిసియు, గత సంవత్సరము ఏడ్చినవారే ఈ సంవత్సరమును ఏడ్చిరి. బోధను దగ్గరి అమ్దాపూరున నివసించి, స్త్రీపాత్రలను పురుషపాత్రలను కూడ ధరించి, 2005లో కీర్తిశేషురాలైన చిందుల ఎల్లమ్మ వంటి కళాకారులు ఆడిన చిందు భాగవతమును మా ప్రాంతపు జనులు ఒకమారు చూచి ఊరకుండలేదు. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున వచ్చిన ‘దేవదాసు’ విషాదాంతమని తెలియనివారెవరు? అయినను అక్కినేని నాగేశ్వరరావు దుర్గాపురపు వాకిట పడిపోవుటను చూచుటకు జనము మరల మరల పోయిరి. 1978 నాటి బాలచందరు ‘మరోచరిత్ర’లో నాయికానాయకులిద్దరును మరణింతురు. అయినను ఆ చిత్రము మద్రాసులో తెలుగు భాషలోనే ఏడాదికి మించి ఆడినది. కనుక దుఃఖమే మనలను తరిమివేయుచున్నదని చెప్పుటకు వీలులేదు.

అయినచో తరిమివేయుచున్నది ఏది? పై చిత్రములలో దుఃఖముతోపాటు మనకు మూడు ఆసరాలు లభించుచున్నవని మాకు తోచుచున్నది. మొదటిది పాట. సి.ఆర్. సుబ్బురామన్ కట్టిన వరుసలు, ఘంటసాల గొంతు దేవదాసు వేదనను ఒక లయలో పెట్టినవి. లయలో పడిన వేదన మోయుటకు తేలిక. రెండవది దూరము. హరిశ్చంద్రుడు రాజు, దేవదాసు జమీందారు బిడ్డ. వారి బాధ మన బాధయే యైనను మన వాకిట జరిగినది కాదు. మూడవది ఫలితము. హరిశ్చంద్రునకు విశ్వామిత్రుడు రాజ్యమును తిరిగి ఇచ్చును. లోహితాస్యుడు లేచి కూర్చుండును. దేవదాసునకు ఏమియు దక్కకపోయినను అతని ప్రేమకు ఒక గౌరవము దక్కును. ఈ మూడింటిని తీసివేసి దుఃఖమును మాత్రము మన ముందు నిలిపిన చిత్రములు కలవు. మనము మరల చూడజాలనివి అవియే.

ఇందుకు మొదటి ఉదాహరణము ‘ఒక ఊరి కథ’. బెంగాలీ దర్శకుడగు మృణాల్ సేన్ 1977లో తెలుగున తీసిన చిత్రమిది. 1936లో పరమపదించిన ప్రేంచందు తన చివరి కాలమున వ్రాసిన ‘కఫన్’ కథ దీనికి ఆధారము. ఒక తండ్రి, ఒక కొడుకు. కష్టపడినవానికి గంజియు దొరకని ఊరిలో కష్టపడుటయే వెర్రితనమని తండ్రి తేల్చుకొన్నాడు. కొడుకు అదే దారి. వారి గుడిసెలోనికి నీలమ్మ కోడలుగా వచ్చి, రెక్కలు ముక్కలు చేసుకొని ఇద్దరిని పోషించును. తుదకు కాన్పు రాక, మంత్రసాని లేక, ఆమె ప్రాణము విడుచును. బ్రతికియుండగా ఎవ్వరును ఇయ్యని డబ్బు, ఆమె శవమునకు గుడ్డ కొనుటకని చేయి చాచగా రాలుచున్నది. తండ్రిగా నటించిన వాసుదేవరావు కన్నడ నటుడు. ‘చోమన దుడి’ చిత్రమునకు జాతీయ ఉత్తమనటుడైనవాడు. నీలమ్మగా మమతాశంకరు నటించినది. ఈ చిత్రమునకు ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారమును, కార్లోవీ వారీ ఉత్సవమున ప్రత్యేక బహుమానమును లభించినవి. ఇందులో దుష్టుడెవరని వెదకుదుమా, తండ్రి మీద కోపము వచ్చును. మరుక్షణమున అతడు చెప్పినదానిలో అబద్ధమేమని సందేహము కలుగును. కోపగించుటకు ఒకడు దొరకకపోయిన ప్రేక్షకునికి ఆ కోపము తనమీదికే తిరుగును. అట్లు తిరిగిన కోపమును రెండవమారు కొని తెచ్చుకొనుటకు ఎవరు టికెట్టు కొందురు?

రెండవ ఉదాహరణము మాకు మరింత దగ్గరది. బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’. 1920 ప్రాంతపు తెలంగాణములో ఒక దొర గడీలో దాసిగా బ్రతికిన కమలాక్షి కథ. దొరల ఇండ్ల పెండ్లిండ్లలో వధువు వెంట సొమ్ములతోపాటు ఆడుపిల్లలను కూడ అత్తవారింటికి పంపు ఆచారము ఒకప్పుడు మన సీమలో ఉండెడిది. వారిని ఆడబాపలనిరి. వారికి జీతము లేదు, పెండ్లి లేదు, తమ శరీరము తమది కాదు. ఈ చిత్రమున అరుపులు లేవు, ఆర్భాటము లేదు. వాణిజ్య చిత్రములందలి ఆటపాటలు లేవు. ఉదయము ఊడ్పుతో మొదలై రాత్రి దొర పిలుపుతో ముగియు దినచర్య మాత్రము కలదు. చివరకు ఆమె గర్భము ధరించగా, ఆ బిడ్డ దొరకు అవసరము లేదు గనుక, దానిని తీసివేయింతురు. అంతియే కథ. అర్చనకు ఉత్తమనటి పురస్కారము, ఎ.కె. బీర్ ఛాయాగ్రహణమునకు, తోట వైకుంఠము కళాదర్శకత్వమునకు, వస్త్రాలంకరణకు పురస్కారములు, ఉత్తమ తెలుగు చిత్రము: ఇట్లు మొత్తము అయిదు జాతీయ గౌరవములు ఈ ఒక్క చిత్రమునకు వచ్చినవి.

‘దాసి’ని చూచిన నగరవాసికి అది ఒక గొప్ప కళాఖండము. మా నిజామాబాదు పల్లెల ముసలివారికి అది వేరొకటి. ఆ చిత్రమందలి అరుగు, ఆ పెద్ద తలుపు, చేతులు కట్టుకొని వాకిట నిలుచున్న మనుష్యులు వారికి కల్పితములు కారు. వెట్టి చేసినవారి బిడ్డలు, వెట్టి చేయించుకొన్నవారి బిడ్డలు ఒకే ఊరిలో, ఒకే బడిలో, ఒకే బస్సులో నేడు కూడ కలసి బ్రతుకుచున్నారు. అట్టివారు పక్కపక్కన కూర్చుండి ఈ చిత్రమును చూచుట ఎంత కష్టమో యోచింపుడు. ఒకరు అవమానముచేత తల వంచుకొందురు. మరొకరు సిగ్గుచేత వంచుకొందురు. తెరమీదికి చూచువారెవరు?

ఇచ్చట మన అలంకారశాస్త్రము మరల తోడు వచ్చుచున్నది. రసము కలుగుటకు ‘సాధారణీకరణము’ కావలెనని భట్టనాయకుడు చెప్పెను. అనగా తెరమీది దుఃఖము నాది అనిగాని పరునిది అనిగాని తోచక, మానవుని దుఃఖముగ తోచవలెను. అభినవగుప్తుడు రసమునకు విఘ్నములను లెక్కించుచు, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖములలో మునిగిపోవుట ఒక విఘ్నమని చెప్పినాడు. ఈ కొలతచే చూచిన ‘దాసి’ మా ప్రాంతపు ముదుసలికి రసమును ఈయలేదు, ఈయజాలదు. అది అతని సొంత గాయమును తాకినది. కావున ఇట్టి చిత్రములను రసదృష్టితో మాత్రమే కొలిచినచో వానికి అన్యాయము చేసినవారమగుదుము. అవి మనలను ఆనందింపజేయుటకు రాలేదు. అవి సాక్ష్యము చెప్పుటకు వచ్చినవి. న్యాయస్థానమున సాక్షిని ఏ న్యాయమూర్తియు, ‘నీవు బాగుగ చెప్పితివి, వినసొంపుగా నున్నది, రేపు వచ్చి మరల చెప్పుము’ అని అడుగడు. ఒకమారు వినిన చాలును. అయితే విన్నవాడు విననట్లుండరాదు. మాటిమాటికి చూడదగినది, ఒక్కమారు చూచి మరువరానిది అని మహాచిత్రములు రెండు తెగలనియు, ఒక తెగ కొలతతో మరియొక తెగను కొలువరాదనియు మా అభిప్రాయము.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చును. అదే తెలంగాణపు కష్టములను చూపిన ‘మాభూమి’ని జనులు మరల మరల చూచిరి గదా అని. నిజమే. కృష్ణచందరు ఉర్దూ నవల ఆధారముగ, గౌతమ్ ఘోష్ దర్శకత్వమున, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన ఆ చిత్రము 1980 మార్చి 23న విడుదలయినది. పల్లెలనుండి బండ్లు కట్టుకొని జనులు దానిని చూచుటకు పోయిరి. అందును వెట్టి యున్నది, దొర యున్నాడు, చెరచబడిన ఆడుపిల్ల యున్నది. పోలీసుచర్య తరువాత దొరలు ఊళ్లకు మరలి వత్తురు గనుక ముగింపు కూడ విజయము కాదు. అయినను అందు గద్దరు గొంతు కలదు, గొంగడి భుజాన వేసుకొని పాడిన పాట కలదు. అన్నిటికంటె మించి తిరుగబడిన మనిషి కలడు. మన బాధను చూపుటతో ఆగక మన బలమును కూడ చూపిన చిత్రమును చూచుటకు కాళ్లు వాటంతట అవియే కదలును. శ్యాం బెనెగల్ 1974లో తీసిన ‘అంకుర్’ చివరను ఒక చిన్నపిల్లవాడు దొర కిటికీ మీదికి ఒక రాయి విసరును. ఒక్క రాయియే, అయినను ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకొనుటకు ఆ పగిలిన అద్దపు సందు చాలును. ‘దాసి’లో ఆ సందు కూడ లేదు. రాయి విసరువాడు ఇంకను పుట్టని కాలమును చూపుచున్నామని దర్శకుని భావమేమో. పుట్టని కాలములోనే తరతరములు గడచిపోయినవి. ఆ తరముల కథ చెప్పువాడు లేని రాయిని తెచ్చి విసరింపరాదు.

ఇక గడీలనుండి సామాన్య గృహములకు వత్తము. 1993లో కె. అజయకుమార్ దర్శకత్వమున వచ్చిన ‘మాతృదేవోభవ’ తెలుగు ఇండ్లలో ఎంతమందిని ఏడిపించినదో చెప్పనక్కరలేదు. మలయాళమున వచ్చిన ‘ఆకాశదూత్’ దీనికి మాతృక. భర్త హతుడైనాడు, తానును ఎక్కువ దినములు బ్రతుకనని తల్లికి తెలిసినది. నలుగురు పిల్లలు. తాను కన్ను మూయకముందే వారిని ఒక్కొక్కరిని ఒక్కొక్క ఇంటికి అప్పగించుటకు ఆమె పూనుకొనును. మాధవి నటించిన ఆ తల్లిని చూచిన తల్లులు, ఆ రాత్రి నిద్రించుచున్న తమ పిల్లలను మరియొకమారు తడిమి చూచుకొనిరనిన అతిశయోక్తి కాదు. ఆ చిత్రమును మరల చూచెదరా అని అడిగిన చేతులు జోడింతురు. కాని చిత్రమేమనగా, అదే చిత్రమునందు కీరవాణి స్వరపరచగా, రాలిపోవు పువ్వును సంబోధించుచు వేటూరి సుందరరామమూర్తి వ్రాసిన పాటను వారే మరల మరల విందురు. ఆ పాటకు వేటూరికి జాతీయ పురస్కారము వచ్చినది. రేడియోలో అది మొదలైనప్పుడు కట్టివేయువారు అరుదు. చూడజాలనిదానిని వినగలుగుచున్నామే, ఏల? కన్ను ఆ పిల్లల ముఖములను తప్పించుకొనజాలదు. చెవికి పాట మాత్రమే చేరును. ముఖములను మనకు ఓర్చుకొన శక్తి ఉన్నంతవరకే మనసు గీసుకొనును. దుఃఖమును సహింపదగినంత మోతాదులో పంచి ఇచ్చు గుణము శబ్దమునకు కలదు. రేడియో పెట్టె ఇంటనున్నవారికి ఈ సంగతి అనుభవములోనిదే.

ఇతర దేశములందును ఇట్టి చిత్రములు కలవు. జపాను దేశమున ఇసావో తకాహతా 1988లో తీసిన ‘మిణుగురుల సమాధి’ బొమ్మలతో గీసిన చిత్రము. 1945లో కోబే నగరము మీద బాంబులు కురిసినప్పుడు తల్లిని పోగొట్టుకొన్న ఒక బాలుడు, నాలుగేండ్ల వాని చెల్లెలు ఆకలితో చనిపోవుటయే కథ. బాలుడు మరణించుచున్న దృశ్యముతోనే చిత్రము మొదలగును. కనుక ఆశకు మొదటనే తావు లేదు. మూలకథ వ్రాసిన నొసాకా అకియుకి యుద్ధకాలమున తన చెల్లెలిని అట్లే పోగొట్టుకొన్నవాడు. విశేషమేమనగా, అదే సంస్థ తీసిన ‘తొతొరో’ అను ముద్దులొలుకు పిల్లల చిత్రముతో జోడించి, ఒకే ఆటగా దీనిని విడుదల చేసిరి. ఆ రెండవ చిత్రమును ప్రపంచపు పిల్లలు నేటికిని మాటిమాటికి చూచుచున్నారు. మొదటిదానిని చూచినవారు తలచుకొనుచున్నారు. రష్యను దర్శకుడగు ఎలెం క్లిమోవ్ 1985లో ‘వచ్చి చూడుము’ అను చిత్రమును తీసెను. 1943లో బేలారుసు పల్లెలను ప్రజలతో సహా నాజీలు తగులబెట్టిన వృత్తాంతమది. అందలి బాలుని ముఖము చిత్రము ముగియునప్పటికి ముసలివాని ముఖము వలె ముడతలు పడును. ఆ తరువాత క్లిమోవ్ మరి చిత్రము తీయలేదు. చూచుటయే మనకు రెండవమారు కష్టమైనచో, తీసినవానికి ఎంత కష్టమై యుండవలెను!

ఇంతవరకు చెప్పినవి గతించిన కాలపు కథలని శ్రోతలు అనుకొనవచ్చును. కాదు. 2024లో మలయాళమునుండి తెలుగులోనికి కూడ వచ్చిన ‘ఆడుజీవితం’ను చూడుడు. బెన్యామిన్ 2008లో ప్రచురించిన నవల దానికి మూలము. నిజముగ జరిగిన వృత్తాంతము ఆ నవలకు మూలము. బ్లెస్సీ దర్శకుడు, పృథ్వీరాజు నటుడు. మంచి కొలువని నమ్మి ఎడారి దేశమునకు పోయిన నజీబును విమానాశ్రయమునుండి ఎవడో తీసుకొనిపోయి, ఇసుక నడుమ మేకల మందకు కాపరిగ కట్టిపడవేయును. భాష తెలియదు, దారి తెలియదు, ఒంటిమీద పోసుకొనుటకు నీరు లేదు. చివరకు మేకలలో తానొక మేక యగును.

ఈ చిత్రము ఇతరులకు సినిమా. మోర్తాడు, భీమ్‌గల్, కమ్మర్‌పల్లి, ఆర్మూరు ప్రాంతములలో ఎవరి ఇంటనుండియో ఒకరు గల్ఫు దేశములకు పోని వాడ కనబడదు. నిజాంసాగరు నీరు, బోధను చక్కెర కర్మాగారము జిల్లాలో ఒక భాగమునకు పని చూపినవి. ఆ కర్మాగారము కూడ 2015 డిసెంబరులో మూతపడినది. మా వైపున పసుపు చేలు, మొక్కజొన్న చేలు, బీడీల గంప. బోరులో నీరు అడుగంటినప్పుడు, అప్పు పెరిగినప్పుడు, చెల్లెలి పెండ్లి దగ్గరపడినప్పుడు మగపిల్లవాడు పాస్‌పోర్టు తీసికొనును. అట్టి ఇంటి తల్లి ‘ఆడుజీవితం’ను ఎట్లు చూచును? తెరమీది నజీబు గడ్డము పెరుగుచున్నకొలది ఆమెకు తన కొడుకు ఫోనులో “మంచిగున్న అమ్మా” అనిన మాట గుర్తు వచ్చును. ఆ ‘మంచిగున్న’లో నిజమెంత? అంతవరకు ఆమె ఆ ప్రశ్న వేసికొనలేదు, లేక వేసికొన ధైర్యము చాలలేదు. చిత్రము ఆ ప్రశ్నను ఆమె చేతిలో పెట్టి పంపినది. ఆమె దానిని మరల చూడనక్కరలేదు; చూడుమని అడుగుట క్రూరము. కాని చూచిన ఆ ఒక్కమారు తరువాత, వీసా తెత్తునని వచ్చిన దళారిని కూర్చుండబెట్టి, పని ఏది, యజమాని ఎవడు, కాగితము ఏ భాషలో నున్నది అని నాలుగు ప్రశ్నలు అడిగినచో ఆ చిత్రము ధన్యమైనది. సాక్ష్యమునకు ప్రయోజనమనగా ఇదియే.

ఇప్పుడు ఒక చేదునిజము చెప్పవలసియున్నది. చలనచిత్ర వ్యాపారము మరల చూచువారి మీద నిలుచును. ఒకే మనిషి నాలుగుమారులు చూచినప్పుడు నిర్మాతకు నాలుగు టికెట్ల సొమ్ము వచ్చును. ఒకమారు చూచి చేతులు జోడించి పోవువానివలన ఒక్కటియే వచ్చును. పైగా వాడు “గొప్పది, కాని గుండె తట్టుకొనదు” అని పొరుగువారితో చెప్పును. ఆ మాట విని పొరుగువారు ఆ ఒక్కటియు కొనరు. కనుక ఇట్టి చిత్రములను తీయువారు ధనము పోగొట్టుకొనుటకు సిద్ధపడియే తీయవలెను. 1980వ దశకములో దూరదర్శనము ఆదివారము మధ్యాహ్నములందు ప్రాంతీయ భాషల పురస్కృత చిత్రములను ప్రసారము చేసెడిది. అప్పుడు టికెట్టు కొనకయే, కోరుకొనకయే, ఇంటిల్లిపాది ఒకమారైనను ఇట్టి చిత్రము ముందు కూర్చుండెడివారు. నేడు వంద దారులు తెరచియున్నవి, వెదకినవానికి దొరకును, అయితే దుఃఖమును వెదకి చూచువారెవరు? ఎవ్వరును వెదకని చిత్రము మెల్లగా కనుమరుగగును.

మరియొక చిక్కు మన చేతిలోని ఫోను తెచ్చినది. సినిమాహాలులో దీపములార్పిన తరువాత ఘట్టము కఠినముగ నున్నదని దానిని దాటవేయుటకు వీలులేదు; తల వంచుకొనినను శబ్దము వినవచ్చును. ఫోనులో వ్రేలితో త్రోసినచో దాసి గర్భస్రావము రెండు క్షణములలో దాటిపోవును, నజీబు మూడేండ్లు మూడు నిమిషములగును. అట్లు చూచినవాడు చూడనివాడే. ఒక్కమారు చాలునన్న మాటకు అర్థము, ఆ ఒక్కమారు పూర్తిగ చూడవలెనని.

కావున శ్రోతలకు మా మనవులు నాలుగు. ఇట్టి చిత్రమును చిన్నపిల్లలకు చూపరాదు. లోకము కొంత తెలిసి, ప్రశ్న అడుగగల వయసు వచ్చినవారికి చూపవలెను. ఒంటరిగ చూడరాదు, ఇంటిలోనివారు కలసి చూడవలెను. చూచిన వెంటనే వేరొక హాస్యచిత్రమును పెట్టి నోటి చేదును తుడుచుకొనరాదు, కొంతసేపు మాట్లాడుకొనవలెను. మనసు అప్పటికే గాయపడియున్నవారిని, ఇంట ఇటీవల దుఃఖము కలిగినవారిని బలవంతపెట్టరాదు. చూడననుట కూడ వారి హక్కే.

ఇక అసలు మాట. మాకు ఒకమారు చాలును, నిజమే. కాని మాకు చాలిన ఆ ఒకమారు మా పిల్లలకు ఇంకను రాలేదు. 2022లో దోమకొండ కోట జీర్ణోద్ధరణమునకు యునెస్కో గౌరవము లభించినది. పాతగోడలను అట్లు నిలుపుకొనుట మెచ్చదగినదే. అయితే తెలంగాణమున ఏ గడీ గోడ నిలిచినను అది రాతి పనితనమును మాత్రమే చెప్పును. గోడలోపల వాకిలి ఊడ్చినవారి పేరు రాతిమీద ఉండదు. వారిని చూపునవి ఈ కొద్దిపాటి చిత్రములే. నలువది ఏండ్లు దాటినవారు “మేము చూచితిమి, మరల చూడలేము” అని పెట్టె మూసి పెట్టినచో, ఇరువది ఏండ్లవాడు తన ఊరిలో అట్టి కాలమొకటి ఉండెనని ఎరుగకయే పెరుగును. ఎరుగనివాడు ఆ కాలము మరియొక వేషములో, మరియొక దేశపు వీసా చేతబట్టుకొని వచ్చినప్పుడు గుర్తుపట్టజాలడు.

మాయాబజారును పిల్లలతో కూర్చుండి పదవమారు చూతము. అది మన పండుగ. దాసిని, ఒక ఊరి కథను వారి చేతిలో పెట్టి, వారు చూచుచున్నంతసేపు వారి పక్కన కూర్చుందము. తెరవైపు చూచుట మనకు కష్టమైనచో వారి ముఖములవైపు చూతము. ఒక్కొక్క తరమునకు ఒక్కొక్కమారు చాలును. ఆ ఒక్కమారును ఏ తరమునకును తప్పిపోనీయకుండుటయే పెద్దల పని.